వానలెక్క పుస్తకం ఎవరి ఇంట్లో ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మారుతున్న వానలకూ ఎండలకూ తట్టుకునే సేద్యం గురించి ఊళ్లలో రైతులతో కలిసి జరుగుతున్న పరిశోధనల మీద కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. కొన్నింటిలో ఆసక్తి ఉంది, కొన్నింటిలో కోపం ఉంది, ఒకటి రెండింటిలో ఎత్తిపొడుపు కూడా ఉంది. వాటిలో ఆరింటికి ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు పొడవైనవి కనుక సారాంశం మాత్రమే ఇచ్చాను. రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: రెండేళ్లలో మా ఊరికి మూడు బృందాలు వచ్చాయి. బోర్లు లెక్కపెట్టారు, ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం వేయించారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. దీనిని సమాజ భాగస్వామ్యంతో జరిగిన పరిశోధన అంటున్నారు. ఇందులో మా భాగం ఏమిటి?
– ఒక రైతు, కల్యాణదుర్గం ప్రాంతం

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మీ ఊరు సమాచారం ఇచ్చింది, అంతే. దానికి భాగస్వామ్యమని పేరు పెట్టడం ఆ మాటను అరగదీయడమే అవుతుంది. నేను కూడా ఒకప్పుడు ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఊళ్లు తిరిగినవాడినే. రాయలసీమలో ఒక రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దాయన నా చేతిలోని కట్ట వంక చూసి, "పోయినేడు వచ్చినోళ్లకు అన్నీ సెప్పినాం గదప్పా, వాళ్లనే అడుగుపో" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ముందు వచ్చినవారు ఎవరో, వారు రాసుకున్నది ఏమైందో కనుక్కోకుండా వెళ్లడం నా తప్పు. ఆ పెద్దాయన ఒక పూట కూలి పోగొట్టుకుని, ముందు వచ్చినవారికి చెప్పిన విషయాలే మాకు మళ్లీ చెప్పవలసి రావడం అంతకన్నా పెద్ద తప్పు.

ముగ్గు పటం వేయించడంలో దోషం లేదు. మంచి పరిశోధకుడి చేతిలో అది చాలా చెబుతుంది: ఏ వీధి బోరు ముందు ఎండుతుందో, ఏ చెరువు అలుగు పారి ఎన్నేళ్లయిందో, కరువు ఏడాదిలో ఎవరు వలస వెళతారో దాని చుట్టూ కూర్చుంటేనే తెలుస్తుంది. అయితే సాయంత్రానికి ఆ పటం ఫొటోగా మారి ఊరు దాటిపోతుంది, నేల మీది ముగ్గును మేకలు తొక్కేస్తాయి. అందువల్ల ఒక పరిశోధన ఊరిదా కాదా అని తేల్చుకోవడానికి నేను ముందుగా చూసేది కొలతలు రాసిన పుస్తకం ఎవరి ఇంట్లో ఉందన్నదే. ఆ పుస్తకం ఊళ్లోనే ఒకరి ఇంట్లో, గూట్లోనో ట్రంకు పెట్టెలోనో ఉండి, వచ్చే ఏడు విత్తే ముందు ఎవరో ఒకరు తీసి చూసే పరిస్థితి ఉంటే అది ఊరి పరిశోధన. నగరంలోని కంప్యూటరులో మాత్రమే ఉంటే అది మీ గురించి జరిగిన పరిశోధన. దానికీ విలువ ఉంటుంది కానీ, దాని పేరు వేరు.

ఇకమీదట వచ్చే బృందాన్ని మీరు అడగవలసినవి అడగండి. మా మాటలు ఏ పనికి వాడతారు, తెలుగులో రాసిన ప్రతి మాకు ఎప్పుడు ఇస్తారు, అచ్చు వేయకముందే గ్రామసభలో చదివి వినిపిస్తారా అని ముందే తేల్చుకోండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. వద్దన్నంత మాత్రాన పింఛనో రేషన్ కార్డో ఆగిపోతుందేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది కనుక, అలా జరగదని మొదటి రోజే స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత వచ్చినవారిదే.

ప్రశ్న: రైతులే భూగర్భజలాన్ని కొలిచి, దాన్ని బట్టి పంటలు నిర్ణయించుకున్న పథకం ఒకటి మన రాష్ట్రంలో నడిచిందని మా అధ్యాపకులు చెప్పారు. అది ఎలా పనిచేసింది? ఇప్పుడు ఎందుకు వినబడడం లేదు?
– వ్యవసాయ శాస్త్ర విద్యార్థిని, మదనపల్లె

జవాబు: మీ అధ్యాపకులు చెప్పినది ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే నోరు తిరగని పొడి అక్షరాల పథకం గురించి. రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు అని దాని అర్థం. అంతకుముందు నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ అనే బోర్ల పథకం అనుభవం మీద ఇది మొలకెత్తింది. 2003 ప్రాంతంలో మొదలై ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2009 దాకా సాగింది. అప్పటి ఉమ్మడి జిల్లాలైన అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండలలో 638 జనావాసాలు ఇందులో ఉన్నాయి. పని అంతా స్వచ్ఛంద సంస్థల ద్వారా జరిగింది.

ఆ పథకం బోర్లు వేయలేదు, రాయితీలు పంచలేదు, ఎవరి పంటనూ నిషేధించలేదు. అది ఇచ్చింది కొలత నేర్పు ఒక్కటే. ఒక వాగుకు నీరు చేర్చే పరీవాహక ప్రాంతాన్ని ఒక లెక్కగా తీసుకున్నారు. పంచాయతీ హద్దులను పక్కన పెట్టారు, ఎందుకంటే భూమిలోని నీటికి పంచాయతీ హద్దు తెలియదు. కొన్ని చోట్ల వానమాపకం పెట్టారు, కొన్ని బోర్లను గమనిక బోర్లుగా ఎంచుకున్నారు. ఊళ్లోని స్త్రీపురుషులు పదిహేను రోజులకు ఒకసారి ఆ బోరులోకి కొలతల తీగను దించేవారు. తీగ చివర నీరు తగలగానే పైనున్న డబ్బా కూతపెట్టేది, అక్కడ ఎన్ని మీటర్లుందో చూసి పుస్తకంలో రాసేవారు.

బోరు పోసే నీటిని కొలవడం ఇంకా సులువు. ఇరవై లీటర్ల బకెట్టు, చేతి గడియారం ఉంటే చాలు. బకెట్టు నిండడానికి 8 సెకన్లు పడితే, ఆ బోరు గంటకు 9,000 లీటర్లు పోస్తున్నట్టు. కరెంటు ఏడు గంటలు ఉంటే 63,000 లీటర్లు. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరు నిలవాలంటే దాదాపు 4,047 లీటర్లు కావాలి. వరికి రోజుకు పది మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి నలభై వేలు దాటుతుంది. అంటే ఆ బోరు కింద ఎకరంన్నర వరి, అదీ నీరు తగ్గనంతవరకు. మూడెకరాలకు నారు పోసుకున్న రైతు ఈ లెక్కను తన చేతితో తాను వేసుకున్నప్పుడు మొహంలో వచ్చే మార్పును నేను చూశాను. అధికారి వచ్చి చెబితే "ఆయనకేం తెలుసు" అనుకునే మనిషి, తాను పట్టిన బకెట్టుతో వాదించలేడు.

రబీకి ముందు, అక్టోబరు ప్రాంతంలో, ఆ పరీవాహక ప్రాంతంలోని ఊళ్లన్నీ ఒకచోట చేరి పంటల నీటి బడ్జెట్టు వేసేవి. దాని తీరు తెలియడానికి నేను ఒక ఊహా లెక్క చెబుతాను. వెయ్యి ఎకరాల పరీవాహక ప్రాంతం, 500 మిల్లీమీటర్ల వాన అనుకోండి. పడిన నీరు దాదాపు 202 కోట్ల లీటర్లు. వినడానికి సముద్రమంత ఉంటుంది. కానీ మన గ్రానైటు నేలల్లో వాననీటిలో భూమి లోపలికి ఇంకి భూగర్భజలంగా మారేది 1997 నాటి అధికారిక ప్రమాణాల ప్రకారం ఎనిమిది నుంచి పదకొండు శాతమే. పది శాతం తీసుకుంటే ఇరవై కోట్ల లీటర్లు. వరి పంటకాలానికి 1,200 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాట. భాగిస్తే వచ్చేది దాదాపు 42 ఎకరాలు. వెయ్యి ఎకరాల మీద కురిసిన వాన నలభై రెండెకరాల వరికి సరిపోతుంది, మనుషులూ పశువులూ తాగే నీటిని ముందు పక్కన పెడితే అదీ రాదు. అదే నీటితో 500 మిల్లీమీటర్లు చాలే వేరుశనగ వంటి ఆరుతడి పంట వేస్తే నూరెకరాలు పండుతుంది. వరిమడి నుంచి తిరిగి ఇంకే నీరు, పక్క ప్రాంతం నుంచి వచ్చేది, పోయేది అన్నీ చేరిస్తే అంకెలు కొంత అటూఇటూ అవుతాయి. వాటిని కూడా లెక్కలోకి తీసుకునేవారు. వచ్చిన బడ్జెట్టును గోడ మీద రాసేవారు, ఆ తరువాత ఎవరి నిర్ణయం వారిదే.

ఫలితం గురించి. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఈ పరీవాహక ప్రాంతాల్లో 42 శాతం చోట్ల రబీలో తోడే నీరు ఏటా తగ్గుతూ వచ్చింది, 51 శాతం చోట్ల ఒక ఏడు తగ్గి ఒక ఏడు తగ్గక సాగింది, 7 శాతం చోట్ల పెరిగింది. బలవంతం ఏదీ లేకుండా ఇంత జరగడం ప్రపంచంలో అరుదు కనుక దేశవిదేశాల్లో పేరు వచ్చింది. తరువాత అదే ప్రాంతంలో వాతావరణ మార్పును తట్టుకునే ప్రయోగ పథకం ఒకటి 2010 తరువాత కొన్నేళ్లు నడిచింది. అయితే పథకాలు ముగిశాక ఊళ్లకు వెళ్లి చూసిన పరిశోధకులు కొందరు అంత సంతోషంగా తిరిగి రాలేదు. కొలవడం సన్నగిల్లిందని, నీటి వాడకంలో వచ్చిన మార్పు చెప్పినంత గట్టిది కాదని రాశారు.

ఇందుకు నాకు తోచే కారణం చెబుతాను. నీటి లెక్క అందరికీ తెలిసింది, కానీ ఆ లెక్కను మీరినవాడిని అడిగే ఏర్పాటు లేదు. 2004 నుంచి వ్యవసాయ కరెంటు ఉచితం, మోటారు తిప్పినకొద్దీ ఖర్చు పెరగదు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల చట్టం, బోరుకూ బోరుకూ మధ్య దూరం గురించి చెబుతుంది, ఆచరణలో ఆ టేపు పట్టినవారు తక్కువ. నేను ఆరుతడి వేసి ఆదా చేసిన నీటిని పక్కవాడు కొత్త బోరుతో తోడుకుంటే, వచ్చే ఏడు నేను కూడా వరి వేస్తాను. ఇది స్వార్థం కాదు, మామూలు మనిషి లెక్క. దీనికి విరుగుడు అనదగ్గది అదే కాలంలో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో కొన్ని ఊళ్లలో జరిగింది. బోర్లున్నవారు, లేనివారు ఒప్పందం రాసుకుని, బోర్లను పైపులతో కలిపి, కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయబోమని మాట ఇచ్చుకున్నారు. దానికి బదులుగా బోరు లేనివారి మెట్ట పంటకు వాన ముఖం చాటేసినప్పుడు ఒకటి రెండు తడులు అందాయి. ఇలాంటి ఏర్పాటు కష్టం, దాయాదుల తగవులున్న చోట మరీ కష్టం. కానీ తెలుసుకోవడానికి తోడు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉన్న చోటే కొలత నిలుస్తుందని నా నమ్మకం. మీరు పరిశోధన చేయదలిస్తే, ఈ రెండు రకాల ఊళ్లలో ఇప్పుడు ఏమి మిగిలిందో వెళ్లి చూడండి. మొదలైన పథకాల మీద రాసినవారు చాలామంది ఉన్నారు, ముగిసిన పథకాల దగ్గరికి వెళ్లేవారే తక్కువ.

ప్రశ్న: మా తండ్రిగారు కార్తెలు చూసి విత్తనం వేసేవారు. ఇప్పుడు ఫోనులో సమాచారం వస్తున్నది. కార్తెల లెక్క ఇక పనికిరాదని అనుకోవాలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గద్వాల

జవాబు: కార్తెనూ సామెతనూ విడదీసి చూడాలి. కార్తె అనేది క్యాలెండరు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం అది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, మీ తండ్రిగారి కాలంలోనూ దాదాపు అప్పుడే వచ్చేది. అది తప్పదు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "ఉత్తర చూసి ఎత్తర గంప" వంటి సామెతలు మాత్రం అనేక తరాల వానల మీద వేసిన అంచనాలు. వానల తీరు మారితే అంచనా సడలుతుంది, క్యాలెండరు మిగులుతుంది. అందుకే ఊళ్లో వానలెక్క రాసేవారికి నేను తేదీతో పాటు కార్తె పేరు కూడా రాయమని చెబుతాను. "జూలై 9న 22 మిల్లీమీటర్లు" అంటే పెద్దవాళ్లకు ఏమీ పట్టదు. "పునర్వసులో పదును వాన ఒక్కటే" అంటే వెంటనే నలభై ఏళ్ల జ్ఞాపకాలు బయటికి వస్తాయి.

జ్ఞాపకాన్ని కూడా అలాగే పరీక్షించాలి. మీ ప్రాంతం వారికి 2009 అనగానే తుంగభద్ర, కృష్ణ పొంగి అక్టోబరు 2న కర్నూలు మునిగిన రోజులే కళ్ల ముందు నిలుస్తాయి. కానీ అదే ఏడు దేశం మొత్తం మీద నైరుతి వానలు సగటు కన్నా 22 శాతం తక్కువ. ముందు కరువు, వెనుక వరద. ఏడాది మొత్తం ఎంత కురిసిందన్న అంకె ఈ రెంటినీ కలిపి కప్పేస్తుంది, మనిషి జ్ఞాపకం రెండోదాన్ని మాత్రమే దాచుకుంటుంది. కనుక అనుభవజ్ఞులైన పరిశోధకులు ఊరి పెద్దలతో గుర్తు సంవత్సరాల వరుస రాయించి, దాన్ని దగ్గరి వర్షమాపక కేంద్రం అంకెల పక్కన పెట్టి, రెండూ కలవని చోట ఆగి మాట్లాడతారు. ఒక్కోసారి తప్పు జ్ఞాపకానిది, ఒక్కోసారి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న వర్షమాపకానిది. వాన కొమ్ము ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేయడం మనకు కొత్త కాదు.

ఫోనులో వచ్చే సలహాను కొట్టిపారేయకండి. వాతావరణ శాఖ జిల్లావారీ వ్యవసాయ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. ఇంకొకటి చాలామందికి తెలియనిది: హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, దేశంలోని జిల్లాలకు అత్యవసర పంటల ప్రణాళికలు తయారు చేయించింది. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏమి వేయాలి, నాలుగు వారాలైతే ఏమిటి, ఆరు, ఎనిమిది అయితే ఏమిటి అని వరుసగా ఉంటుంది. వాటిని కార్తెల భాషలోకి మార్చి, ఆరుద్ర దాటితే ఇది, పుష్యమి దాటితే ఇది అని పంచాయతీ గోడ మీద రాయించడం మీ వంటి ఉపాధ్యాయుడు చేయగల పని. గోడ మీదికి ఎక్కించే ముందు రైతులతో ఒకసారి చదివించండి; మీ మార్కెట్టులో విత్తనం దొరకని పంట ఏదైనా అందులో ఉంటే వారే పట్టుకుంటారు.

ప్రశ్న: మా ఊరి కమిటీలో మహిళలకు సగం పేర్లు ఉన్నాయి. సమావేశం మాత్రం మేము కలుపుకు వెళ్లిన వేళకే పెడతారు. తీర్మానం అయ్యాక సంతకానికి ఇంటికి వస్తారు. ఇలాగైతే మేము చెప్పేది ఎవరు రాస్తారు?
– స్వయం సహాయక సంఘ సభ్యురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరమే ఒక పరిశోధన. వేళ మార్చమని పట్టుబట్టండి. రాత్రి భోజనాలయ్యాక పెట్టిన సమావేశానికి మగవాళ్లూ వస్తారు, ఆడవాళ్లూ వస్తారు. అంతకన్నా మంచిది, ఆడవారి మాట విడిగా విని ఆపైన కలపడం. ఎందుకంటే ఒకే కరువు రెండు రకాలుగా వినబడుతుంది. మగవారిని అడిగితే బోరు, అప్పు, ధర అంటారు. ఆడవారిని అడిగితే మేత, వంటచెరకు, తాగునీటి దూరం, దాచిన విత్తనం అంటారు. జహీరాబాద్ వైపు పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది, అనుము వంటివి కలగలిపి వేసే పాత పద్ధతిని, ఇంట్లో బూడిద కలిపి దాచే విత్తనాన్ని నిలబెట్టాయి. ఏటా పాత పంటల జాతర పేరుతో బండ్ల మీద ఆ గింజలను ఊరూరా తిప్పుతారు. వానలు తప్పిన ఏడు పది పంటల్లో నాలుగైనా చేతికి రావడమే అక్కడి లెక్క. దాన్ని ఎవరో శాస్త్రవేత్త కనిపెట్టి ఇవ్వలేదు.

మీ కమిటీలో ఇంకా ఎవరు లేరో కూడా చూడండి. కౌలు రైతులు ఉన్నారా? భూమి యజమాని పేరుతో లెక్క రాసుకునే ఏ సర్వేలోనూ వారు కనబడరు. నీటి కుంట తవ్వుకోండి, ఒండ్రు తోలుకోండి అని సలహా ఇవ్వడం తేలిక. వచ్చే ఉగాదికి ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి పక్కవాడి పొలంలో కుంట ఎందుకు తవ్వుతాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, కార్డుకు యజమాని సమ్మతి కావలసి రావడం వల్ల చాలామందికి అది అందలేదు. గొర్రెల కాపరులు ఉన్నారా? ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం ప్రకృతి సేద్యంలో మంచి పద్ధతిగా నిలిచింది. కానీ వేసవిలో ఖాళీ చేలన్నీ మందలకు మేత బీళ్లు. ఒకరి పచ్చదనం ఇంకొకరి దారికి కంచె అవుతుంది. కాపరిని పిలవకుండా చేసిన తీర్మానం మొదటి వేసవిలోనే తగవుగా మారుతుంది. అందుకే తీర్మానం కింద సంతకాలే కాదు, ఆ పని వల్ల నష్టం ఎవరికి, వారు ఏమన్నారు అన్న రెండు వాక్యాలు కూడా రాయించండి. మీరే రాయండి.

ప్రశ్న: వాతావరణ మార్పు అంటే అందరూ కరువు గురించే మాట్లాడతారు. మాకు నీరు ఎక్కువై చస్తున్నాం. కోనసీమకు ఈ పరిశోధనలు ఏమైనా చెబుతాయా?
– వరి రైతు, అమలాపురం ప్రాంతం

జవాబు: చెబుతాయి, కానీ విత్తనం గురించి చెప్పినంత గట్టిగా మురుగు కాలువ గురించి చెప్పవు. భారత వ్యవసాయ పరిశోధన మండలి వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం కోసం 2011లో మొదలుపెట్టిన నిక్రా పథకం వరద ముంపు ఊళ్లను కూడా ఎంచుకుంది, గ్రామ స్థాయిలో వాతావరణ ఆపదల కమిటీలు వేసింది, యంత్రాల అద్దె కేంద్రాలు పెట్టించింది. మునకను రెండు వారాల దాకా ఓర్చుకునే సబ్-1 జన్యువున్న స్వర్ణ రకం 2009లోనే దేశంలో విడుదలైంది. అయితే ఆ గుణం పైరు ఎదిగే దశలో మునిగితే పనికొస్తుంది. కోత ముందు అక్టోబరు, నవంబరు తుపానుకు పడిపోయి, నీళ్లలో కంకి మొలకెత్తితే ఆ జన్యువు కాపాడదు.

మీ ప్రాంతం వారు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టినప్పుడు చెప్పిన కారణాలు గుర్తు చేసుకోండి: గిట్టుబాటు కాని ధర, కూలి ఖర్చు, పూడిన డ్రెయిన్లు. వాన ఒక్కటే శత్రువు కాదు. గుర్రపుడెక్క నిండిన డ్రెయిను పక్కన ఎంత గొప్ప విత్తనం వేసినా చేను మునిగే ఉంటుంది. మీరు కొలవవలసింది మిల్లీమీటర్లతో పాటు రోజులు కూడా: ఎంత వాన పడితే ఏ చేను ఎన్ని రోజులు మునిగి ఉంది, నీరు ఏ లాకు దగ్గర ఆగింది. మూడు సీజన్లు తేదీలతో రాసి ఉంచిన లెక్క ఉంటే, డ్రెయిను పూడికతీత అంచనాల వేళ అధికారి ముందు పెట్టడానికి అర్జీ కన్నా అది బలంగా ఉంటుంది.

ప్రశ్న: మా యువజన సంఘం ఊళ్లో వానమాపకం పెట్టాలనుకుంటోంది. ఖరీదైనది కొనలేము. ఏమి చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, కదిరి

జవాబు: మీది దేశంలోనే తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. పాత అనంతపురం జిల్లా ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ ప్రతి చినుకూ రాయదగిందే. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉండే నిటారు డబ్బా ఏదైనా పనికొస్తుంది. అందులో నిలిచిన నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిస్తే అదే వాన. బిందె, చెంబు వంటి పొట్ట ఉన్న పాత్రలు వద్దు. గోడకో చెట్టుకో దగ్గరగా పెట్టకండి, ఆ గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. మిద్దె మీద గాలికి చినుకు పక్కకు పోతుంది కనుక నేలకు దగ్గరగా, కోళ్లూ కుక్కలూ దొర్లించకుండా చుట్టూ రాళ్లు పేర్చి పెట్టండి. ఎండకు ఆవిరి కాకుండా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి. వాతావరణ శాఖ కొలిచే వేళ కూడా అదే కనుక వారి అంకెలతో పోల్చుకోవచ్చు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజు అంటారు, మీరు మాత్రం అంతకన్నా తక్కువ పడినా రాయండి.

ఇద్దరికి బాధ్యత ఇవ్వండి, ఒకరు పెళ్లికి వెళితే రెండోవారు చూస్తారు. వాన లేని రోజున గడిని ఖాళీగా వదలకుండా సున్నా వేయండి. ఖాళీ గడి చూస్తే, ఆరు నెలల తరువాత, ఆ రోజు వాన పడలేదో, మీరు చూడలేదో మీకే తెలియదు.